ఖాళీ అరల బీరువా

తీగ తగిలించి, స్విచ్చి వేసి, జానీ మియా తలను పక్కకు వంచాడు. నేల మీద పరిచిన చేతిరుమాలుపై ఆ పాత హార్డ్ డిస్కు సన్నగా తిరగడం మొదలుపెట్టింది. కాసేపటికి టిక్కుమంది. మళ్లీ తిరిగింది. మళ్లీ టిక్కుమంది. నాడి చూసే హకీములా కళ్లు మూసుకుని విన్నాడు. చప్పుడు నిన్నటికంటే పెరిగిందేమో అని గుబులు పుట్టి వెంటనే స్విచ్చి తీసేశాడు.

దాన్ని ఊరికే తగిలించి తిప్పవద్దని, ఉన్న ఊపిరి కూడా పోతుందని కంప్యూటర్ల దుకాణం సంధ్యారాణి చెప్పే ఉంది. అయినా పొద్దున నమాజు కాగానే బిస్కెట్ల రేకుడబ్బా తెరిచి, అందులోని డిస్కులను ఒక్కొక్కటే పలకరించకపోతే అతనికి రోజు మొదలైనట్టుండదు. వాటిలో అతను వీడియో తీసిన వరంగల్ చుట్టుపక్కల పెళ్లిళ్లున్నాయి. నర్సంపేట పత్తి రైతుల ఇళ్లవి, కొత్తవాడ మగ్గాల ఇళ్లవి, మండిబజారు నిఖాలు. ఆ పెళ్లిళ్లలో నవ్వుతూ తిరిగిన ముసలివాళ్లు చాలామంది ఇప్పుడు లేరు. తన రేకుడబ్బాలో మాత్రం ఇంకా పాన్ నములుతున్నారు, వంటవాళ్లను కేకలేస్తున్నారు.

"చెవిల గుసగుసలాడుడు అయిందా దానితోని?" అంది భార్య ఫాతిమా బేగం, చాయ్ గ్లాసు పక్కన పెడుతూ.

అతను నవ్వాడు. సన్నటి మనిషి. ఏళ్ల తరబడి కెమెరా మోసి కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారిపోయింది. దర్జీ ఏ చొక్కా కుట్టినా ఆ వైపు వేలాడుతూనే ఉంటుంది. భుజం ఇక పనికిరాదని తేలాక స్టూడియోలో పెళ్లి వీడియోల మిక్సింగుకు కూర్చున్నాడు. తెర వంక చూసి చూసి కుడికన్ను రెప్ప కూడా సగం వాలిపోయింది.

ఈ డిస్కుల్లోవన్నీ భద్రంగా ఎక్కించుకోవడానికి ఇవాళ కొనబోయే కంప్యూటర్ డబ్బా ఫాతిమా చిట్టీ పైసలతో. ఆమె ఆ పైసలు అద్దం తలుపు బీరువా కోసం దాచుకుంది. అద్దం మీద వేయడానికని తెల్లటి లేసు కూడా అల్లి పెట్టుకుంది. డిస్కుల సంగతి చెప్పి అడగడానికి జానీ మియా చాలా రోజులు నోట్లోనే నానబెట్టుకున్నాడు. చివరికి అడిగితే ఆమె ఒక్క మాటా అనకుండా తెచ్చి చేతిలో పెట్టింది. ఆ తర్వాత మాత్రం రోజూ అంటూనే ఉంది.

"బట్టలు పట్టని బీరువా. ఊళ్ల ఎవలింట్ల లేదు గసోంటిది."

"మనుషులు పడ్తరు గదా అండ్ల," అన్నాడతను.

స్టూడియో పోచమ్మమైదాన్‌లో ఒక పాత భవనం మెట్లెక్కితే వస్తుంది. ఈమధ్య ఆ మెట్ల సగంలో నిలబడి ఊపిరి తీసుకోవలసి వస్తోంది. గ్యాస్ అనుకుని జేబులోని వాము నమిలేవాడు. ఇవాళ కూడా నమిలాడు.

తెర మీద నర్సంపేట పెళ్లి అప్పగింతల దగ్గరికి వచ్చింది. తండ్రి పిల్ల చేతిని పాలగిన్నెలో ముంచి అత్తగారి చేతిలో పెడుతున్నాడు. జానీ మియా ఆ ముక్కకు శబ్దం తీసేసి, పెళ్లివాళ్లు కోరిన పాట పరిచాడు. మిక్సింగులో ఎప్పుడూ అంతే. ఏడుపులు, దగ్గులు, చంటిపిల్లల గోల అన్నీ పోతాయి. అందరికంటే ముందు పోయేది కెమెరా పట్టుకున్నవాడి గొంతు.

తాను కెమెరా పట్టిన రోజుల్లో అతనికి ఒక పద్ధతుండేది. అప్పగింతలు మొదలుకాగానే ఎడమచెయ్యి పైకెత్తి, కేకేసి బ్యాండువాళ్లను ఆపేవాడు. ఆపినంతసేపే మంటపంలో మనుషుల మాట వినిపించేది. ఎలాగూ పాట వేసేదానికి బ్యాండు ఆపడమెందుకని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు. తండ్రి నోరు తెరిచేవేళ డప్పు మోగితే అతనికి ప్రాణం ఒప్పేది కాదు, అంతే.

అలా తీసిన, పాట వేయని అసలు వీడియోలకు స్టూడియో కంప్యూటర్లో ఒక నకలు, విడి డిస్కుల్లో ఒక నకలు ఉండేవి. మొన్నటి దసరాకు యజమాని ఉమాకాంత్ వాళ్లమ్మ మిషన్లకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నీళ్లు అన్నింటి మీదా భక్తిగా చల్లింది. పెద్ద మిషన్ కదా అని కంప్యూటర్ మీద రెండు చుక్కలు ఎక్కువే చల్లింది. అది నడుస్తూనే ఉంది. పైనున్న జాలీ రంధ్రాల గుండా నీళ్లు దిగి, ఒక్కసారి చిటచిటమని ఆరిపోయింది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు, ఆమెకు తెలియనివ్వనూ లేదు. మిగిలిన విడి డిస్కులు చెరిపి కొత్త సీజనుకు వాడదామనుకున్న ఉమాకాంత్, జానీ మియా మొహం చూసి, "తీస్కపో జానీ భాయ్, నీ తానే భద్రంగుంటయ్" అన్నాడు. ఆ మేలును జానీ మియా ఇప్పటికీ నమాజులో తలుచుకుంటాడు.

మధ్యాహ్నం సెలవడిగి హనుమకొండలో సంధ్యారాణి దుకాణానికి వెళ్లాడు. ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్లను బాగుచేసి అమ్మే పిల్ల. అతను వస్తున్నాడని డబ్బాను దుమ్ము దులిపి బల్ల మీద పెట్టి ఉంచింది. నల్లటి నిలువు డబ్బా. ముందు రేకు తీస్తే ఆరు అరలు. కింది రెంటిలో కొత్త డిస్కులు, పైన నాలుగూ ఖాళీ.

మొదట్లో అతను ఉన్న పైసలన్నీ పెట్టి ఒకటే పెద్ద డిస్కు కొందామన్నాడు. సంధ్యారాణి ఒప్పుకోలేదు. పెద్దది ఒక్కటే కొంటే, అది పోయిననాడు అన్నీ పోతాయంది. చిన్నవి రెండు కొంటే ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ దానంతటదే రాసుకుంటుందట. ఒకటి చచ్చినా రెండోది ఉంటుంది. డబ్బా పాతదైనా పర్వాలేదు కానీ అరలు ఎక్కువుండాలి, పైసలు అందినప్పుడల్లా ఇంకో జత చేర్చుకోవచ్చు. పెళ్లికి ఇద్దరు కెమెరావాళ్లను పెట్టినట్టన్నమాట అని అతను తనకర్థమయ్యేలా చెప్పుకున్నాడు.

"పానం మంచిగుందా చాచా? మొహం గట్ల పాలిపోయిందేంది? దవాఖానకు పోదాం పా."

"పోదాం బిడ్డా. మొగిలమ్మ పని కానియ్యి. అంతదాక నాకేం గాదు."

మొగిలమ్మ వర్ధన్నపేట నుంచి పొద్దుటి బస్సుకే వచ్చి అతని ఇంట్లో కూర్చుని ఉంది. ఆమె భర్త ఐలయ్య మొన్నటి వానల్లో పోయాడు. కదిలే బొమ్మగా ఆయన మిగిలింది కూతురు స్రవంతి పెళ్లి వీడియోలో ఒక్కచోటే. అప్పగింతల్లో పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఏదో అంటాడు. పెదాలు కదులుతాయి, మీద పాట మోగుతుంటుంది. ఆ వేళకు మొగిలమ్మ లోపల ఒడిబియ్యం సర్దుతోంది. స్రవంతిని అడిగితే, ఏడుపులో తనకు ఒక్క ముక్కా వినబడలేదంది. బతికుండగా ఐలయ్యను అడగాలని మొగిలమ్మకు తోచనే లేదు. పాట లేని వీడియో కావాలని మొన్నొకరోజు స్టూడియో మెట్లెక్కింది. ఆ పెళ్లి ఉన్నది టిక్కుమంటున్న డిస్కులోనే.

గుంతల రోడ్ల మీద ఆ డిస్కును దుకాణానికి మోసుకురావడానికి జానీ మియాకు ధైర్యం చాలలేదు. అందుకే సంధ్యారాణి దుకాణం మూసి తానే బయల్దేరింది. డబ్బాను తన స్కూటీ ముందు పెట్టుకుని, అతన్ని వెనక కూర్చోబెట్టుకుంది.

వాళ్లు వచ్చేసరికి మొగిలమ్మ, ఫాతిమా చాప మీద కూర్చుని బొబ్బర్లు ఒలుస్తున్నారు. పొద్దుటి నుంచి ఇద్దరూ ఎన్ని మాట్లాడుకున్నారో, అప్పటికే వదినామరదళ్లయిపోయారు. డబ్బాను కుట్టుమిషన్ బల్ల మీద పెట్టి, ఇంట్లోని టీవీకి కలిపారు. ఫాతిమా దాన్ని నాలుగువైపులా చూసి, ఇంత నల్లగుందేందని మూతి విరిచింది.

సంధ్యారాణి పాత డిస్కు తగిలించింది. టిక్కు. అందరూ దాని వంకే చూశారు. టిక్కు. తెర మీద ఏమీ లేదు. జానీ మియా నుదుటికి చెమట పట్టింది. మొగిలమ్మ చేతిలోని బొబ్బరికాయను ఒలవకుండా అలాగే పట్టుకుంది. సంధ్యారాణి తీగ తీసి, డిస్కును పక్కకు తిప్పి పడుకోబెట్టి, మళ్లీ పెట్టింది. ఈసారి తిరిగింది. పేర్లు ఒక్కొక్కటే తెర మీదికొచ్చాయి.

"ముందుగాల ఐలయ్యది," అన్నాడు జానీ మియా.

ఎంతవరకు ఎక్కిందో చూపే పట్టీ తెర మీద మెల్లగా నిండింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా ఫాతిమా పెదాలు కదిలాయి. చివరికి పట్టీ నిండి, డబ్బాలో రెండు పచ్చదీపాలు పక్కపక్కనే మినుకుమన్నాయి. కాసేపటికి పాత డిస్కు ఒక పెద్ద టిక్కు కొట్టి ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు. దాంట్లో ఇంకా రావలసినవి ఉన్నాయి. జానీ మియా దాని మీద అరచెయ్యి ఆనించి కొంచెంసేపు ఉంచాడు.

వీడియో పెట్టారు. మంటపం, జనం, బ్యాండు హోరు. కెమెరా వెనక నుంచి ఎవరో, "జర బ్యాండు ఆపున్రి భాయ్. ఇగ మాట్లాడు బాపు," అన్నారు. హోరు ఆగింది. ఐలయ్య తెల్లచొక్కాలో, ఎర్రబడ్డ కళ్లతో, పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు.

"పొద్దుగాల అమ్మకు చాయ్ ఎవలు వెడ్తరని ఫికర్ వెట్టుకున్నవ్ గదా బిడ్డా. నేను వెడ్త. నువ్వు నిమ్మలంగ పో."

మొగిలమ్మ ఏడుస్తుందేమోనని ఫాతిమా ఆమె దగ్గరికి జరిగింది. ఆమె ఏడవలేదు. పిల్ల పెళ్లయిన తెల్లారి నుంచి మంచం పట్టేదాకా ఐలయ్యే పొద్దున లేచి చాయ్ పెట్టేవాడని, తనకది ఎప్పుడూ అర్థం కాలేదని చెప్పింది.

"చక్కెర ఎక్కువేసేటోడు. ఒద్దని రోజు తిట్టేదాన్ని," అని నవ్వబోయింది. అప్పుడు వచ్చాయి కన్నీళ్లు.

ఫోనులోకి ఆ ముక్క ఎక్కించి ఇచ్చారు. వెళ్తూ మొగిలమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నీ కడుపు సల్లగుండ అన్నా," అంది. ఆమెను బస్సెక్కించడానికి సంధ్యారాణి తీసుకుపోయింది, పొద్దున వచ్చి దవాఖానకు తీసుకుపోతానని గట్టిగా చెప్పి మరీ.

జానీ మియా రేకుడబ్బాలోంచి ఇంకో డిస్కు తీసి తగిలించి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అది చప్పుడు చేయకుండా తిరుగుతోంది. పచ్చదీపాలు మినుకుమంటున్నాయి. ఎవరి పెళ్లో, ఎవరి తండ్రులో ఒకరి తర్వాత ఒకరు డబ్బాలోకి వచ్చి చేరుతున్నారు. ఇంత పనికి ఎంతమంది చెయ్యేశారని అతనికి ఆశ్చర్యం వేసింది. ఉమాకాంత్, సంధ్యారాణి, బీరువా వదులుకున్న ఈ మనిషి.

ఫాతిమా వంటింట్లో రొట్టెలు చేస్తూ, తొర్రూరు నుంచి కూతురు ఆసిమా శుక్రవారం పిల్లలతో వస్తానందని చెప్పింది. "ఆఁ," అన్నాడతను. పిల్లలు ఆ దీపాలు చూస్తే ముట్టుకోకుండా ఉండరంది. "ముట్టుకోనీ," అన్నాడు. బొబ్బర్ల కూరలో కారం ఎక్కువెయ్యనా అని అడిగింది. జవాబు రాలేదు. పెనం దించి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. తల పక్కకు వంగి ఉంది, డిస్కు చప్పుడు వింటున్నప్పటిలాగే.

అతన్ని కడసారి చూడడానికొచ్చిన జనం నిండిన ఇంట్లో, దండిగా తీగలున్నాయని, ఆ డబ్బా తీసి పక్కన పెడదామని ఎవరో చెయ్యి పెట్టబోయారు.

"ఉండనియ్యున్రి. అది పని చేస్తాంది," అంది ఫాతిమా.

మూడోరోజు జియారత్ అయ్యాక సంధ్యారాణి మళ్లీ వచ్చింది. రోజూ దుకాణం మూసి వచ్చి, మిగిలిన డిస్కులన్నీ ఒక్కొక్కటే ఎక్కించింది. చివరిది అయిన సాయంత్రం, ఆసిమాను పక్కన కూర్చోబెట్టుకుని ఫాతిమా అడిగింది. "బిడ్డా, బ్యాండు ఆపుమన్నది పెట్టవా."

సంధ్యారాణి ఐలయ్యది పెట్టింది. తర్వాత నర్సంపేటలో ఒక పాత పెళ్లిది పెట్టింది. తర్వాత కొత్తవాడది. మనుషులు వేరు, మంటపాలు వేరు. ప్రతిదాంట్లో డప్పుల హోరులోంచి అదే గొంతు, ఒకచోట పడుచుగా, ఒకచోట జలుబుతో, ఒకచోట ఆయాసంగా లేచింది. "జర బ్యాండు ఆపున్రి భాయ్."

ఆసిమా తల్లి భుజం మీద తల పెట్టుకుంది. ఫాతిమా చెంగుతో మొహం తుడుచుకుని, "నాకే మిగిల్చిపోయిండు సూడు, ఇన్ని," అంది. తర్వాత లేచి, గూట్లోంచి తెల్ల లేసు తెచ్చి, గాలి ఆడే చోటు వదిలి, డబ్బాకు కట్టింది.

కుట్టుమిషన్ బల్ల మీద అది ఇప్పటికీ ఉంది. కింద రెండు పచ్చదీపాలు, పైన నాలుగు ఖాళీ అరలు, లోపలి ఫ్యాను గాలికి కొద్దికొద్దిగా కదిలే లేసు అంచు.