సూరమ్మ బండి ఆయిలు ఎటు పోయింది

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేశాక సూరమ్మకు మిగిలింది, పోయిన మొగుడు కొన్న పాత పికప్ బండి ఒక్కటే. గణపవరం వైపు చెరువుల్లో పట్టిన చేపల్ని తాడేపల్లిగూడెం చేరవేస్తూ ఆ బండే ఇంటిని నడుపుతోంది. తోలేది అజ్మల్. ఏలూరు మనిషి, నెమ్మదస్తుడు.

ఆ వేసవిలో బండి ఆయిలు తాగడం మొదలుపెట్టింది. "ఇంజనాయిలు మళ్ళీ తగ్గిందండి అమ్మగారూ" అని అజ్మల్ రావడం, ఆమె కొత్త డబ్బా తెప్పించడం మామూలైపోయింది. బండి ఆపిన చోట మాత్రం నేల మీద చుక్క కనబడదు.

"కారకుండా ఎటు పోతుంది వదినా? సగం డబ్బా ఇంకెవరి బండిలోనో పడుతుంటుంది" అంది ఆడపడుచు కృపమ్మ.

సూరమ్మ కసిరింది గాని, ఆ మాట మనసులో ఉండిపోయింది. మర్నాడు ఎదురుగా నిలబడి ఆయిలు పోయించింది. అజ్మల్ ఒకసారి ఆమె వంక చూసి మూత బిగించాడు. ఆ రోజు నుంచి సాయంత్రం తాళాలు ఆమె చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి, చెప్పకుండానే వెళ్ళిపోతున్నాడు.

కళ్ళెదుట పోయించిన ఆయిలు కూడా తగ్గిపోయింది. గూడెంలో మెకానిక్ ఇంజన్ బోరుకొచ్చిందనీ, లోపల అరిగి ఆయిలు కాల్చేస్తోందనీ, విప్పక తప్పదనీ తేల్చేశాడు. విప్పితే బండి ఎన్నాళ్ళు మూలపడుతుందో తెలీదు. ఈలోగా లోడ్లన్నీ వేరేవాళ్ళు పట్టుకుపోతారు. సూరమ్మకు అన్నం సయించలేదు.

"విప్పే ముందు ఏలూరులో జబ్బారుగారికి ఒకసారి చూపిద్దామండి" అన్నాడు అజ్మల్. ఆమె కూడా బండెక్కింది.

అబ్దుల్ జబ్బార్ పెద్ద వయసు మెకానిక్. ఇంజన్ను వేడెక్కనిచ్చి, గట్టిగా రేజ్ చేయించి, పొగ గొట్టం దగ్గర నిలబడ్డాడు. తర్వాత ఆయిలు పోసే మూత తీసి, అక్కడ అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"నీలం పొగ లేదమ్మా. లోపలినుంచి ఆవిరి ఎగదన్నడమూ లేదు. ఆయిలు కాలిపోవట్లేదు, బోరు బాగానే ఉంది."

ఇంజన్ చల్లారాక రేడియేటర్ నీళ్ళు చూశాడు. ఆయిలు కలిసిన జాడ లేదు. చివరికి గోనెపట్టా పరుచుకుని బండి కిందకి దూరాడు.

"అడుగు ఇంత శుభ్రంగా ఉందేమిటయ్యా?"

"రోజూ కడుగుతానండి. చేపల నీళ్ళు కారి తుప్పు పట్టేస్తుందండి."

"అదీ సంగతి! ఆయిలు కారినా, ఆ మరక నువ్వే కడిగేస్తున్నావు."

ఇంజన్ను శుభ్రంగా తుడిపించి, షెడ్డు వెనకున్న ఇంట్లోంచి భార్య షహనాజ్‌ను ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెమ్మన్నాడు. ఇంజన్ పక్కలంతా తెల్లగా చల్లి, "గుండుగొలను దాకా జోరుగా పోయి రండి" అన్నాడు.

హైవే ఎక్కాక అజ్మల్ నోరు విప్పాడు. "మీరు నన్ను అనుమానించారని తెలుసండి."

"కృపమ్మ ఏదో అందనీ..."

"ఎవరన్నారని కాదండి. ఎదురుగా నిలబడి పోయించింది మీరే కదండీ."

సూరమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "అవును, అనుమానించాను" అంది. అజ్మల్ గేరు మార్చి జోరు పెంచాడు.

తిరిగొచ్చేసరికి పౌడరు మీద నల్లటి చార ఒకటి కిందకి దిగి ఉంది. జబ్బార్ దాని వెంట వేలు పోనిచ్చి, ఫిల్టరు పక్కనున్న బొటనవేలంత స్విచ్చి దగ్గర ఆపాడు.

"ఆయిల్ ప్రెషర్ స్విచ్చమ్మా. ఇంజన్ తిరిగినప్పుడే చిమ్ముతోంది. చిమ్మిందంతా గాలికి వెనక్కి కొట్టుకుపోతోంది. ఆపితే ప్రెషరుండదు, చుక్కా పడదు."

కొత్త స్విచ్చి బిగించడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆయిలు నింపుకుని ఇల్లు చేరేసరికి కృపమ్మ వాకిట్లోనే ఉంది. "ఏం తేలింది వదినా?"

అజ్మల్ ఇంకా బండి దిగలేదు. అతనికి వినబడేలాగే చెప్పింది సూరమ్మ. "స్విచ్చి దగ్గర లీకంట. అజ్మల్ బండిని శుభ్రంగా ఉంచబట్టి బయటపడలేదు. మనిద్దరం అనుకున్నది తప్పు."

కృపమ్మ చీరకొంగు సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. అజ్మల్ దిగి, తాళాలు తీసుకొచ్చి సూరమ్మ చేతికిచ్చాడు.

"రేపు గణపవరంలో చేపల పట్టుబడి పెద్దగా ఉందండి. పెందరాళే వస్తాను, ఐసు మాత్రం ముందే చెప్పి ఉంచండి."

సరేనంటూ సూరమ్మ ఐసు ఫ్యాక్టరీకి ఫోను చెయ్యడానికి లోపలికి నడిచింది.