తారుమారు పట్టీలు

రాజమౌళి ఎడమ వెదురు పట్టీని తీసి గ్రాఫు కాగితం కుడి అంచున పెట్టాడు. కుడి పట్టీని ఎడమ అంచున పెట్టాడు. పై పట్టీ కిందికి, కింది పట్టీ పైకి పోయాయి. ముప్పై ఏళ్లుగా ఏ పువ్వు కొలిచినా ఆయన చేతులు ఇలాగే మొదలుపెడతాయి. చూసేవాళ్లకు తిక్కగా ఉంటుంది. కానీ సిరిసిల్లలో ఆ డిజైన్ల షాపులో ఆయన్ను చూసేదెవరు?

సన్నటి మనిషి. దారంతో కట్టిన కళ్లద్దాలు, పెన్సిల్ మసి వదలని చూపుడువేలు. చీర మీద పూలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఒక్కో పువ్వుకు ఎంత జాగా కావాలో కొలవడం ఆయన పని. కాగితం మీద పువ్వును గీసిన చుక్కల్ని వరసగా చూస్తాడు. చుక్క ఎడమ పట్టీకి ఎడమగా ఉంటే పట్టీని దాని దగ్గరికి జరుపుతాడు. కుడి పట్టీకి కుడిగా ఉంటే దాన్నీ జరుపుతాడు. పైదీ కిందిదీ అంతే. చివరికి పువ్వు పెట్టెలో పెట్టినట్టు కూర్చుంటుంది. ఆకు వాలి ఉన్నా పెట్టె వాలదు. మగ్గానికి పడుగూ పేకా తప్ప మూడో దారి లేదు కదా.

పట్టీలు వాళ్ల నాయన చేనేత మగ్గం విరిగిననాడు మిగిలిన వెదురు. పట్టుకుని పట్టుకుని నున్నబడ్డాయి.

పోయిన వారమే షాపు యజమాని తిరుపతి చెప్పాడు, మొహం చూడకుండా.

"గా కంప్యూటరే పెట్టెలు సక్కగ గీసిందంటే నీకు పని ఉండదు రాజన్నా. ఏమనుకోకు."

ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నది కోరుట్ల అమ్మాయి స్వర్ణలత. సకల జనుల సమ్మెతో జగిత్యాల దగ్గరి కాలేజీ మూతపడింది, బస్సులు ఆగాయి. మేనత్త ఇంట్లో ఉండిపోయి ఈ పని పట్టుకుంది. ఎవరు ఏ ప్రోగ్రాం రాసుకున్నా తెచ్చి వాడుకునేలా, ఆకారాల లెక్కలన్నీ కట్టిన మూట ఒకటి రాస్తోంది. పెట్టెను ఎలా గుర్తుపెట్టుకోవాలి, నడిమి చుక్కతోనా, మూలలతోనా అని మొదటిరోజే రాజమౌళిని అడిగింది.

"ఎదురెదురు మూలలు రెండు రాసుకో బిడ్డా. అంచులు దొరికితే నడిమి అదే దొరుకుతది," అన్నాడాయన.

ఇవాళ ఆమె మొహం వాడిపోయి ఉంది. బయట చౌరస్తాలో సమ్మె చేసేవాళ్లు రోడ్డు మీదే వంట పెట్టారు. పొగ కిటికీలోంచి వస్తోంది. బొగ్గు గనులు ఆగాక కరెంటు మధ్యాహ్నం దాకా ఉంటే గొప్ప.

"ఏ పువ్వు పెట్టినా పెట్టె కాగితం మూలదాకా సాగుతున్నది కాకా," అంది.

రాజమౌళి వెళ్లి తెర చూశాడు. నిజమే. ఎక్కడో నడుమ ఉన్న మల్లెమొగ్గకు కూడా పెట్టె ఎడమ కింది మూలనుంచే మొదలైంది. ఆయనకు భలే కుతూహలం పుట్టింది.

"పువ్వు చూడకముందు అంచులకు ఏం రాసుకుంటున్నవ్?"

"సున్న. అన్నిటికీ సున్నే."

"సున్నంటే ఏడ?"

"గీ మూల."

"గట్లయితే గా మూల సుత ఒక చుక్కేనాయె. పువ్వుల లేని చుక్కను నువ్వే కలుపుతున్నవ్."

అని ఆగాడు. మిగతా సగం చెప్పకపోతే ఆమె ఇంకో నెల తంటాలు పడుతుంది. ఆ నెల తనకు పని ఉంటుంది. ఇంటి దగ్గర భార్య సత్యవ్వ బీడీలు చుడుతూ కూర్చునే గడప గుర్తొచ్చింది. భయమే వేసింది. అయినా కాళ్లు తన బల్ల దగ్గరికి నడిచాయి.

"ఇటు రా. చూడు. ఎడమది కుడి చివర, కుడిది ఎడమ చివర. మొదటి చుక్క రాంగనే అన్నీ దాని కాడికే ఉరుకుతయి. ఒక్క చుక్క లేకుంటే గిట్లనే తారుమారుగ ఉంటయి. గట్ల ఉన్నయంటే కాగితం ఖాళీ అన్నట్టు."

స్వర్ణలత పరుగున వెళ్లి, ఎడమ అంచుకు అన్నిటికన్నా పెద్ద అంకె, కుడి అంచుకు అన్నిటికన్నా చిన్న అంకె రాసింది. కింది, పై అంచులకూ అంతే. మల్లెమొగ్గ చుట్టూ పెట్టె బిగిసి కూర్చుంది. నవ్వింది. మరుక్షణం పోయిన వారం తను విన్న తిరుపతి మాట గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఎందుకు చెప్పినవ్ కాకా?"

"ముప్పై ఏండ్లల్ల గిది నన్నెవ్వరూ అడగలే బిడ్డా."

కరెంటు పోయింది. రాజమౌళి బల్ల తుడిచి, టిఫిన్ డబ్బా తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆయన రాలేదు. బల్ల ఖాళీ చేయమని తిరుపతి స్వర్ణలతకు చెప్పాడు. ఆమె ఆ బల్ల దగ్గరికి వెళ్లింది. తెల్ల కాగితం మీద ఎడమ పట్టీ కుడి అంచున, కుడి పట్టీ ఎడమ అంచున ఉన్నాయి.