పీచ్ పళ్ళ గిన్నె

బల్లల మీద వదిలేసిన గ్లాసులను అపొలోనియా ఒక్కొక్కటే తొట్టిలోకి వంచుతోంది. అడుగున మిగిలిన తియ్యటి తెల్ల వైన్‌లో సిగరెట్టు పీకలు, మునిగి చచ్చిన కందిరీగలు. ఒకదాంట్లో ఎవడో నమిలి ఉమ్మిన పంది కొవ్వు. మోచేతుల దాకా జిగురు. ఎంత కడిగినా పోదు.

గుమ్మానికి ఆకుల దండ వేలాడుతోందంటే పెరట్లో వైన్ అమ్ముతున్నట్టే. జర్మనీలో మోజెల్ నది వెంట బస్సుల్లో వచ్చేవాళ్ళు దాన్ని చూసే ఆగుతారు. పడుచుతనంలో ఈ ఇంట పనికి చేరిన అపొలోనియాకు ఇప్పుడు వీపు వంగింది, చీలమండలు ఉబ్బాయి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే "తీరికేదీ?" అనేది. ద్రాక్షకోతలు, ఉల్లిపాయల రొట్టె, ఎంగిలి గ్లాసులు. వీటితోనే బతుకు తెల్లారింది.

మేడమీద ముసలి యజమాని సెవెరిన్ మంచం పట్టాడు. రోజుల తరబడి ముద్ద దిగడం లేదు. పొద్దున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"లోనీ, మనం ఏరిన పళ్ళ సీసా ఇంకొక్కటి ఉందిగా. నీలి బూజు పట్టిన ఉప్పు జున్నుతో ఓ గుక్క పొయ్యవే. ముందు ఉప్పు, తర్వాత తీపి. ఇక నాకేం వద్దు."

ఆ వైన్ చేసిన ఏడు పొగమంచులో, బూజు పట్టి ముడుచుకుపోయిన ద్రాక్షపళ్ళను గుత్తుల్లోంచి ఇద్దరూ గిల్లి చిన్న బకెట్లలో వేశారు. చూస్తే రోత, పిండితే తేనె.

గ్లాసులు ముగించి నేలమాళిగలోకి దిగింది. సీసా ఉండాల్సిన గూడు ఖాళీ.

పెరట్లో సెవెరిన్ కోడలు మార్లిస్ పెద్ద గాజుగిన్నెలో గరిటె తిప్పుతోంది. డబ్బా పీచ్ పళ్ళు, సోడా, ఐసు.

"అమ్మాయ్, గూట్లో సీసా ఏమైంది?"

"అదా? రంగు మారిపోయింది, పాడైందేమోనని ఇందులో పోసేశా. బస్సు జనానికి తియ్యగా ఉంటే చాలు లోనమ్మా! ఉప్పుచేపతో కూడా లాగించేస్తున్నారు."

"నీ చేతులు పడిపోనూ! అది మామగారు అడిగిన సీసానే!"

"అబ్బ, ఆయనకిప్పుడు నీళ్ళకీ వైన్‌కీ తేడా తెలుస్తుందేంటి?"

అపొలోనియా గరిటె లాక్కుంది. ఓ గరిటెడు తీసి, బట్టలో వడగట్టి, ఆకుపచ్చ కాడ ఉన్న గ్లాసులో పోసింది. జున్ను ముక్కతో పైకెక్కింది.

జున్ను నాలుక మీద పడగానే సెవెరిన్ కళ్ళు మూసుకున్నాడు. "ఇప్పుడు తీపి," అన్నాడు.

ఆమె గ్లాసెత్తింది. గుప్పున రేకు డబ్బా వాసన కొట్టింది. ఆ పాడు నీళ్ళు ఆ నోట పొయ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు. అసలు పైదాకా మోసుకొచ్చినందుకే తన మీద తనకు రోత పుట్టింది.

"మరీ చల్లగా ఉందయ్యగారూ. కాస్త ఆగండి." గ్లాసు కిటికీ గట్టున పెట్టేసింది.

"ఆగుతాలే. నీ చేత్తో ఇచ్చింది ఎప్పుడు చెడిందని?"

పక్కింటి నుంచి మంచి సీసా ఒకటి అడిగి తేవాలనుకుంది. కింద ఎవడో గోడకానుకుని కక్కుకుంటుంటే మిగతావాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. చీదరించుకుంటూ కిటికీ ఓరగా వేసి వెనక్కి తిరిగేసరికి, సెవెరిన్ నోరు తెరిచి ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు. ఊపిరి లేదు. నాలుక మీద జున్ను ఇంకా కరగలేదు.

కిందికొచ్చి గుమ్మానికున్న దండ తెంపింది.

"బస్సింకా కదల్లేదు! అదెందుకు తీస్తావ్?" మార్లిస్ అరిచింది.

"ఇంట్లో శవం ఉందమ్మా," అని ఏప్రన్ విప్పి, గిన్నె పక్కన పడేసి, ఇల్లొదిలి నది వెంట దారి పట్టింది.

మేడమీద కిటికీ గట్టున గ్లాసు నిండుగానే ఉంది. బట్టలోంచి జారి పైన తేలుతున్న పీచ్ పండు పోగు మీద కందిరీగ ఒకటి వాలింది.