పొరుగాయన ఆకారం

గురువారం వచ్చిందంటే రచయిత మధ్యాహ్నం భోజనం కాగానే చొక్కా మార్చుకుని రేడియో స్టేషనుకి వెళ్ళిపోయేవాడు. ఆయన రాసే 'గ్రహచారం' నాటకాన్ని ఆ సాయంత్రం అప్పటికప్పుడు మైకు ముందు ఆడి ప్రసారం చేసేవారు. ఎవరికైనా దగ్గొస్తే ఆ దగ్గుకీ ఓ సంభాషణ తగిలించాలి గనక ఆయన పక్కనే ఉండి తీరాలి. ఓసారి కుర్చీ విరిగి కథానాయకుడు కిందపడితే, తోకచుక్క గుద్దుకుందని చెప్పి నెట్టుకొచ్చారు. అది వేరే కథ.

పేరు చూసి జాతకం తిరగబడిన వాళ్ళ గోడు అనుకునేరు. గ్రహాల మీద తిరిగే వాళ్ళ గోడు అది. పక్క గ్రహం నుంచి పొరుగాయన ఒకడు వారం వారం తలుపు కొట్టి, "కాసింత ఆకర్షణ శక్తి ఉంటే ఇస్తారా అమ్మా, మాకు పొద్దుటి నుంచి సరఫరా లేదు. పిల్లలు చూరుకి అంటుకుపోయి దిగడం లేదు" లాంటివి అడుగుతూ ఉంటాడు. ఆయన్ని చూసిన ప్రతివాళ్ళూ "ఇదేం ఆకారమండీ బాబూ" అని బుగ్గలు నొక్కుకోవడమే గాని, ఆ ఆకారం ఏమిటో నాటకంలో ఎవరూ చెప్పరు. రచయితా ఎప్పుడూ ఆలోచించలేదు. రేడియోకి ఆకారంతో పనేముంది?

రేడియోలో మొదటి సంగీతం మోగగానే పొరుగాయన నిజంగానే ఊళ్ళో ప్రతి ఇంటికీ వచ్చి కూర్చునేవాడు. నాటకంలో తన మాటలు తను చెప్పి, చివరి సంగీతానికి లేచి వెళ్ళిపోయేవాడు. జనం ముందుగానే ఓ కుర్చీ మీది బట్టలు తీసి ఉంచేవారు. ఊరు మొత్తం మీద ఆయన్ని చూడనివాడు రచయిత ఒక్కడే. ఆ వేళకి స్టూడియోలో ఉంటాడాయె.

ఇలా ఉండగా నాటకాన్ని టీవీకి మార్చాలన్నారు. రచయిత ఎగిరి గంతేశాడు. సరిగ్గా ఆ వారమే, లెక్కల టీచరైన ఆయన భార్యకి కొండల అవతలి ఊరికి హెడ్‌మిస్ట్రెస్‌గా బదిలీ వచ్చింది. ఇదివరకు రెండుసార్లు వస్తే వద్దంది. ఎందుకు వద్దందో ఆయన అడగలేదు.

"ఈసారి వద్దంటే ఇక పిలవరండీ. ఏం చెప్పమంటారు?" అంది.

"ఈ టీవీ పని ఓ కొలిక్కి రానీ" అన్నాడాయన.

టీవీ వాళ్ళ పద్ధతి వేరు. 'రెండు సూర్యుళ్ళు అస్తమిస్తున్నాయి' అని రేడియోలో ఒక్క మాటతో అయ్యేదానికి అక్కడ ఇద్దరు వడ్రంగులు కావాలి. ప్రొడ్యూసరమ్మ మొదటిరోజే, "పొరుగాయన ఎలా ఉంటాడు సార్?" అని అడిగింది. రచయిత తెల్లమొహం వేసి, కనుక్కుని చెబుతానన్నాడు.

ఇక ఇల్లిల్లూ తిరిగాడు. కిరాణా కొట్టాయన, మా ఇంటికొచ్చేవాడికి ఒంటికన్ను, బస్తాలా ఉంటాడన్నాడు. డాక్టరుగారి తల్లి, పొగమంచులా ఉంటాడు, కళ్ళజోడు మాత్రం గట్టిదేనంది. దర్జీకి కోపమే వచ్చింది. నాలుగు చేతులున్నాయని తను కొలతలు తీసి మరీ చెబుతున్నాడట, చొక్కా కూడా సగం కుట్టాడట. రచయిత ఊరంతా అడిగి, తల వాచిపోయి, ప్రొడ్యూసరమ్మ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళాడు.

మేకప్పాయన దగ్గర పిల్లల కార్యక్రమానికి చేయించిన కప్ప రబ్బరు తొడుగు ఒకటి మిగిలిపోయి ఉంది. దానికి రెండు కొమ్ములు అతికించి చూపించాడు. పిల్లలకి నచ్చుతుందంది ప్రొడ్యూసరమ్మ. రచయిత కాసేపు గడ్డం గోక్కుని, సరే కానివ్వండి అన్నాడు.

ఆ గురువారం రేడియోలో నాటకం మొదలయ్యేసరికి ప్రతి ఇంటికీ ఆకుపచ్చ రబ్బరు కప్ప వచ్చి కూర్చుంది. ఎవరూ గొడవ చేయలేదు. రోజూ పాలు పోసేవాడు మానేసి కొత్తవాడు వచ్చినప్పుడు ఉంటుందే, అలా ముఖాలు ముడుచుకున్నారు. దర్జీ మాత్రం రెండు చేతుల వాడికి ఈ చొక్కా ఏం చేసుకోనని వీధిలో నిలబడి తిట్టాడు.

రచయిత ఇల్లు చేరేసరికి భార్య పెట్టెలో చీరలు సర్దుతోంది. వస్తానని స్కూలు వాళ్ళకి కబురు చేసేశానంది.

"నాతో ఒక్క మాటైనా అనకుండానా?"

"మీరు ఊరంతా అడిగారట పొరుగాయన ఎలా ఉంటాడని. మనింటికీ వచ్చేవాడు కదండీ. నన్నెందుకు అడగలేదు?"

ఆయనకి ఆ సంగతి తట్టనే లేదు. "ఎలా ఉండేవాడు?" అన్నాడు నెమ్మదిగా.

"మీలాగే ఉండేవాడు. పెళ్ళయిన కొత్తల్లో ఉన్నట్టు. వంటింటి గడప మీద కూర్చుని, నా వంక చూస్తూ మాట్లాడేవాడు."

"వాడివన్నీ నేను రాసిన మాటలే కదా."

"మీవే. మీరు మైకులో అనిపించేవారు. నాతో అనేది వాడు. ఆ అరగంట చూసుకునే రెండుసార్లు ఆగిపోయాను. ఇవాళ గడప మీద కప్ప కూర్చుంది."

రేపే వెళ్ళి ఆ తొడుగు మార్పిస్తానన్నాడు. ఏమని చెప్పి మార్పిస్తారు, మీ ముఖం పెట్టమంటారా అని నవ్వింది. అప్పుడు వెళ్ళకు అని ఉంటే సరిపోయేది. అంతకంటే కష్టమైన మాటలు కప్పకీ తోకచుక్కకీ రాసిన మనిషే. ఆవిడ మడత పెడుతున్న చీర చేతిలోనే ఉంచుకుని కాసేపు చూసింది కూడా.

"ఎప్పుడు బయల్దేరాలి?" అన్నాడాయన.

"ఆదివారం" అని, చీర పెట్టెలో పెట్టింది.

టీవీలో నాటకం బాగానే ఆడింది. ముందే తీసి పెట్టుకుంటారు గనక గురువారం సాయంత్రం రచయితకి పని లేదు. ఇంట్లోనే ఉంటున్నాడు. టీవీ పెడితే కప్ప పెట్టెలోనే కనిపిస్తుంది గాని, కుర్చీలోకి ఎవరూ రారు. కుర్చీల మీద మళ్ళీ బట్టలు పేరుకున్నాయి.

ఓ గురువారం భార్య ఫోను చేసింది. స్కూలు బాగుందట, నీళ్ళే కాస్త ఉప్పట. కొండలు అడ్డం గనక ఆ ఊరికి టీవీ అందదట. అక్కడి రేడియోవాళ్ళు పాత నాటకాల టేపులే మళ్ళీ వేస్తున్నారట.

"అయితే అక్కడికీ కప్పే వస్తోందా?"

"మొదట్లో వచ్చింది. రానురాను ఆ రబ్బరు ఊడిపోయింది."

ఆయన రిసీవరు చెవికి గట్టిగా అదుముకున్నాడు. "ఇప్పుడెలా ఉంటున్నాడు?"

"మీలా లేడండీ" అంది, మెల్లగా, కోపం లేకుండా. ఎవరిలా ఉన్నాడని అడగడానికి ఆయన గొంతు సవరించుకునేలోపే అవతల సంగీతం మోగింది.

"ఉంటానండీ" అందావిడ. "వచ్చే వేళయింది."