జెల్లీ కళ్లు

వర్నా రబ్బరు చేతితొడుగు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి నెమ్మదిగా ఒలిచింది. లోపలనుంచి ఆకుపచ్చ మంచు చెయ్యి బయటపడింది. చిటికెనవేలు విరిగింది. ఏటా ఏదో ఒక వేలు విరుగుతుంది. అందుకే ముందురోజే నాలుగు తొడుగుల్లో రంగునీళ్లు నింపి గడ్డకట్టించి ఉంచింది. చేతిని నీళ్లతొట్టిలో వదిలి, మోచెయ్యి ముంచి చూసింది. పిల్లలకి నీళ్లు మరీ చల్లగా ఉండకూడదు. తొట్టి మోకాలెత్తుంటుంది. వంగి లేచిన ప్రతిసారీ వర్నా నడుము కలుక్కుమంటుంది. కిటికీ బయట ఈరీ సరస్సు మీది గాలి పార్కింగులో ఎండుటాకుల్ని తరుముతోంది.

ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆమె ఈ పిల్లల బడిలో మూడేళ్లవాళ్ల గదిలో ఆయా. అక్టోబరు చివర, దయ్యాల వేషాల పండగ హాలోవీన్‌కి ఈ తొట్టి పెట్టడం ఆమె పని. నారింజరంగు నీళ్లు, ప్లాస్టిక్ సాలెపురుగులు, అరచేతిలో పట్టేటంత గుమ్మడికాయలు, గరిటెలు, జల్లెడలు. పిల్లలు అందులో చేతులు పెట్టి పిసికి, ఒంపి, తోడి, భయపడి, నవ్వుతారు. ఆమె పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడుతుంది.

పొడుగాటి మనిషి. ముక్కు వంకర, గడ్డం మీద పులిపిరి, దానికి రెండు తెల్లవెంట్రుకలు. పెళ్లయిన రెండో ఏడు భర్త డేల్, ఇల్లంతా పసిపిల్లల పియ్యి కంపు కొడుతోందని చెప్పి వెళ్లిపోయాడు. నిజానికి ఇంట్లో పసిపిల్లలెవరూ లేరు. ఆ వాసన ఆమె బట్టల్లో వచ్చేదేమో. ఆ తర్వాత పన్నెండేళ్లు మంచాన పడ్డ తల్లికి కూడా ఆ కడిగి తుడిచే చాకిరీయే చేసింది. తల్లి పోయిన మర్నాడు పనికి వచ్చేసింది. గదిలో పిల్లలు ఎక్కువ, మనుషులు తక్కువని ఆవేళ ఎవరో ఫోను చేశారు.

తొమ్మిదింటికి డైరెక్టరు టారిన్ వచ్చింది. ముప్ఫై రెండేళ్లుంటాయి. చేతిలో మంత్రగత్తె వేషానికి పెట్టుకునే నల్లటి మొనటోపీ, ఒక పెట్టె. టోపీ వర్నా తలకి పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"బావుంది. మీకింక మేకప్ కూడా అక్కర్లేదు," అంది.

పెట్టెలో జెల్లీ గోలీలున్నాయి. రాత్రే టారిన్ నానబెట్టింది. ఎండినప్పుడు ఆవగింజంత ఉండేవి ద్రాక్షపండంత ఉబ్బాయి. తెల్లగా, జిగటగా, ఒక్కొక్క దాని మీద నల్లచుక్క. కనుగుడ్లు. వర్నా పెట్టె మీది అక్షరాలు చదివింది. చిన్నపిల్లలకి ఇవ్వకూడదని రాసుంది. ఇవి మింగితే కడుపులో ఇంకా ఉబ్బి పేగుకి అడ్డం పడతాయని, ఎక్స్‌రేలో కూడా కనబడవని టారిన్‌కి చెప్పింది. నిరుడు ఫొటోల్లో తొట్టి అంట్లనీళ్లలా ఉందని తల్లిదండ్రులు నవ్వారని టారిన్ గుర్తుచేసింది.

"చూస్తూ ఉండడానికే కదా మీరున్నది?" అంది.

వర్నా ఎప్పుడూ ఎవరికీ రెండోసారి కాదని చెప్పలేదు. గోలీలు తొట్టిలో పోసింది.

ఎనిమిదిమంది పిల్లలు తొట్టి చుట్టూ మూగారు. ఒకడు గరిటె నిండా నీళ్లు పట్టి ఆమె చెప్పుల మీద పోశాడు. పోయనిచ్చింది. సెప్టెంబరులో బడిలో చేరినప్పటి నుంచి ఒక్క మాటా ఆడని ఆన్సెల్ మంచు చేతిని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు నిలబడి, "చల్లగా," అన్నాడు. వర్నా చుట్టూ చూసింది, ఎవరికైనా చెబుదామని. టారిన్ ఫొటోలు తీస్తోంది. కాసేపటికి ఫోనొచ్చి బయటికి వెళ్లింది.

అప్పుడు మార్లో బుగ్గ ఉబ్బి కనిపించింది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు. గొంతులోంచి శబ్దం రావడం లేదు.

వర్నా ఒక్క అంగలో అందుకుని, పిల్లని ముంజేతి మీద బోర్లా వేసి వీపు మీద చరిచింది. ఒక గోలీ పడింది. పిల్ల ఒక్కసారిగా ఊపిరి తీసుకుంది. బుగ్గలో ఇంకొకటి కనబడుతోంది. వేలు పెట్టి లాగింది. పిల్ల కొరికింది. వేలు తియ్యకుండా దాన్నీ బయటికి తీసింది. గోరు తగిలి పెదవి చివర చీరుకుంది. టోపీ తొట్టిలో పడింది. మార్లో అరిచిన అరుపుకి తలుపు తీసుకుని టారిన్ వచ్చింది. పిల్ల గడ్డం మీద నెత్తురు, వర్నా వేళ్లు ఇంకా పిల్ల నోటి దగ్గరే.

పన్నెండింటికి మార్లో తల్లి కెండ్రా వచ్చేసరికి జెల్లీ గోలీల పెట్టె గదిలో లేదు. చెత్తబుట్టలో సంచీ కూడా మారింది. వర్నా పిల్లని కాస్త మోటుగా పట్టుకున్నారని టారిన్ ఆ తల్లికి చెప్పింది. వర్నా అరచెయ్యి విప్పి గోలీ చూపించింది. దాన్ని ఎవరు తెచ్చారో చెప్పబోయింది. ఎవరు తెచ్చినా, తొట్టి దగ్గర ఉన్నది మీరే కదా అంది టారిన్, ఎంతో నెమ్మదిగా.

వర్నా కెండ్రా వైపు తిరిగింది.

"కెండ్రా, నువ్వూ ఈ గదిలోనే పెరిగావు తల్లీ. ఉరిమితే నా ఒళ్లోంచి దిగేదానివి కాదు. నీ బిడ్డకి నేను చెడు చేస్తానా?"

కెండ్రా ఆమెని పైనుంచి కిందికి చూసింది.

"గుర్తుంది. ఉరుముకి కాదు నేను ఏడ్చింది. నువ్వు వదిలేదానివి కాదు."

ఆ వానరోజుల జ్ఞాపకాన్ని వర్నా ఇరవై నాలుగేళ్లు దాచుకుంది. చెయ్యి మూసుకుంది. గోలీ వేళ్ల మధ్య చితికింది.

పిల్లలు మధ్యాహ్నం పడుకున్నాక, ఇక పనికి రానక్కర్లేదని, వెనక తలుపు గుండా వెళ్లిపొమ్మని టారిన్ చెప్పింది. లేచి చూస్తే పిల్లలు బెంగపడతారు, వీడ్కోళ్లేవీ వద్దంది. వర్నా ముందు తొట్టి ఖాళీ చేసింది. జల్లెడతో ఒక్కొక్క కన్నూ ఏరి సంచీలో కట్టింది. ఎవరూ జారిపడకుండా నేలంతా తుడిచింది. ఆన్సెల్ దుప్పటి జారితే భుజం దాకా లాగింది. తడిచెప్పులతోనే బస్సు ఆగేచోటికి నడిచి, గాలికి వీపు తిప్పి నిలబడింది. బస్సు వచ్చింది, ఎక్కింది.

మూడింటికి పిల్లలు లేచారు. వర్నా ఏదని ఆన్సెల్ అడిగాడు. అది వాడు ఆ రోజు మాట్లాడిన రెండో మాట. వాడు మాట్లాడాడని అప్పుడూ ఎవరూ గమనించలేదు.

"మంత్రగత్తె కదా, చీపురెక్కి ఎగిరిపోయింది," అంది టారిన్.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆన్సెల్ కిటికీ దగ్గరికి వెళ్లి ఆకాశంకేసి చూశాడు. బిస్కెట్లు పంచుతుంటే తిరిగొచ్చాడు.

సాయంత్రం తల్లిదండ్రులందరికీ ఫొటో చేరింది. నారింజరంగు నీళ్లు, తేలే కళ్లు, మంచు చెయ్యి, వాటి మీద బుల్లిబుల్లి చేతులు. ఎంత బావుందోనని చాలామంది రాశారు.

సిబ్బంది గదిలో ఫ్రిజ్ కింది అరలో, పాలడబ్బాల వెనక, నీలంమూత గిన్నె ఒకటి ఉండిపోయింది. పిల్లలు పడుకున్నాక తిందామని తెచ్చుకున్న బఠాణీ సూపు. మూత మీద అంటించిన టేపుముక్క మీద, పిల్లలకి అక్షరాలు దిద్దించేటప్పటిలా పెద్దగా, గుండ్రంగా, విడివిడిగా రాసి ఉంది: వర్నా.