అత్తగారి పడవలో ఎడమవైపు బరువు

మా అత్తగారికి ఒక పడవ ఉంది. తెరచాప, వెనక చిన్న ఇంజను, లోపల నడుం వంచి తిరగాల్సినంత గది. రేవులో అందరూ ఆవిణ్ణి కెప్టెనమ్మ అంటారు. ఏటా గాలి అనుకూలించే రోజుల్లో ఒక్కతే పడవెక్కి దీవులవైపు పోతుంది. వారం పది రోజుల తర్వాత ఎండకు మాడిపోయి, ఇరవై ఏళ్ళు తగ్గిన మొహంతో తిరిగొస్తుంది.

నాకూ వెళ్ళాలని ఉండేది. పెళ్ళయిన కొత్తలోనే అడిగాను. "చోటు లేదమ్మాయ్" అంది. మరుసటి ఏడూ అడిగాను, అదే మాట. మా ఆయన్ని కదిపి లాభం లేదు. ఆయనకు బకెట్లో నీళ్ళు ఊగినా తల తిరుగుతుంది. పడవలో బెంచీలేమో రెండున్నాయి. ఎడమదాని మీద ఆవిడ పడుకుంటుంది, కుడిదాని మీద సామాను పడుకుంటుంది. పనిముట్ల పెట్టె, రంగు డబ్బాలు, తెరచాపలు కుట్టుకునే పాత ఇనప కుట్టుమిషను. కుట్టుమిషనుకున్న పాటి విలువ కోడలికి లేదా అని ఒళ్ళు మండేది. ఆ తర్వాత అడగడం మానేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అభిమానం ఇంకాస్త పైన ఉంటుంది.

ఈ ఏడు ఆవిడ భుజం పట్టేసింది. అదే సమయానికి పడవలో బ్యాటరీలు చేతులెత్తేశాయి. లైట్లు, చిన్న ఫ్రిజ్, రేడియో అన్నీ నడిచేది వాటిమీదే. ఆవిడ బెంచీ కింద నాలుగు సీసం బ్యాటరీలు, ఒక్కొక్కటి గున్న ఏనుగు. నెలనెలా పరుపు తీసి, చెక్క ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని వాటికి నీళ్ళు పోయాలి. డాక్టరేమో బరువులు ముట్టుకోవద్దన్నాడు.

"ఈసారికి వెళ్ళనులే" అంది ఆవిడ, అన్నం తింటూ, ఎవరి ముఖమూ చూడకుండా.

ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. పడవెక్కని కెప్టెనమ్మ ఇంట్లో ఏం చేస్తుంది? నా వంటకు వంకలు పెడుతుంది. అది నా భయంలో సగం. మిగతా సగం, ఆవిడ మొహం అలా వాడిపోవడం చూడలేకపోయాను.

నేను ఇన్వర్టర్లు రిపేరు చేస్తాను. బజారులో చిన్న షాపుంది. కాబట్టి ఈ విషయంలో నోరు విప్పే హక్కు నాకుంది.

"లిథియంవి వేద్దాం అత్తయ్యా. నాలుగు చేసే పని రెండు చేస్తాయి. ఒంటిచేత్తో ఎత్తొచ్చు, నీళ్ళు పొయ్యక్కర్లేదు."

"అంత తేలికపాటి వాటిలో ఏం సరుకుంటుంది?" అని పెదవి విరిచింది.

"బరువును బట్టే పని జరిగేట్టయితే, ఇంట్లో పనంతా మీ అబ్బాయే చెయ్యాలి."

ఆయన పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. ఆవిడ మాత్రం నవ్వింది.

"సరే, వెయ్యి. నా పడవ నీళ్ళమీద మునుపటిలా తిన్నగా కూర్చుంటే కొత్తవి ఉంటాయి. తేడా వస్తే పాతరకమే వేయించి, ఈ ఏడు ఇంట్లో కూర్చుంటాను."

"బాగా కుదిరితే నన్ను తీసుకెళ్తారా?" ఎన్నాళ్ళుగానో అడగనిది నోట్లోంచి జారిపోయింది.

"చోటుంటే అలాగే."

మళ్ళీ చోటు. పళ్ళు నూరుకుని పనిలోకి దిగాను.

పాత బ్యాటరీలను రేవు కూలీలు తిట్టుకుంటూ ఒడ్డుకు చేర్చారు. కొత్తవాటిని నేనే చంకన పెట్టుకుని పడవెక్కాను. ఇవి కాస్త గారాబం పిల్లలు, పాత ఛార్జరు వీటికి పడదు, అది మార్చాను. ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటరుంటుంది. ఇవి ఆకలి మీదుంటే దాన్ని కాలిపోయేదాకా పీల్చేస్తాయి. మధ్యలో ఒక పెట్టె బిగించి, ఇంతకు మించి లాగడానికి లేదని కట్టడి చేశాను. ఫ్యూజులు వేశాను. బ్యాటరీలను అదే ఎడమ బెంచీ కింద కదలకుండా పట్టీలతో బిగించాను. స్విచ్చి నొక్కగానే లైట్లు వెలిగాయి, ఫ్రిజ్ చిన్నగా మూలిగి పనిలో పడింది. నా అంత గొప్పది ఈ రేవులో లేదనుకుంటూ, నాకూ ఎదురుగా కూర్చుని చూస్తున్న అత్తగారికీ ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లో టీ పోశాను.

గ్లాసులో టీ ఒక అంచుకు ఎక్కువగా, ఒక అంచుకు తక్కువగా నిలిచింది. నేను చూస్తుండగానే గ్లాసు బల్లమీద మెల్లగా కుడివైపుకు జారింది. అత్తగారు దాన్ని అంచు దగ్గర పట్టుకుని తాగింది.

పడవ కుడివైపుకు వాలిపోయి ఉంది. తీగలు, ఛార్జరు, ఫ్యూజులు అన్నీ చూసుకున్నాను. ఎడమవైపు నుంచి ఒక మనిషికి పైగా బరువు తీసేస్తున్నానన్న సంగతి మాత్రం బుర్రకు తట్టలేదు. షాపులో ఇన్వర్టరు ఎక్కడ పెట్టినా గోడ వాలదు కదా. ఏడుపొచ్చింది. నా ప్రయాణం పోతే పోయింది, ఆవిడదీ పోయేట్టుంది.

"ఎడమవైపు ఇసుక మూటలు పెడదాం" అన్నాను.

"తేలికవి కావాలని బరువు దింపించి, ఇప్పుడు ఇసుక మోసుకొస్తావా?"

"మరేం చెయ్యమంటారు? ఆ కుడివైపు చెత్తంతా అసలెందుకు పోగేశారు?"

"చెత్త కాదమ్మాయ్, తూకం" అంది ఆవిడ, గ్లాసు కింద పెడుతూ. "బ్యాటరీ పెంచినప్పుడల్లా పడవ ఎడమకు ఒరిగేది. ఒరిగినప్పుడల్లా ఇటు ఒకటి పెట్టేదాన్ని. మొదట పనిముట్లు, తర్వాత డబ్బాలు. చివరి బ్యాటరీకి కుట్టుమిషను సరిపోయింది. అది పాడై ఎన్నేళ్ళయిందో."

నేను కుట్టుమిషను చక్రం తిప్పి చూశాను. కదల్లేదు.

"అంటే నిజంగానే చోటు లేదా?"

"లేదనేగా చెప్తూ వచ్చాను."

"ఎందుకు లేదో చెబితే మీ సొమ్మేం పోయేది?"

"నువ్వు అడిగితేగా. మూతి ముడుచుకుని వెళ్ళిపోయేదానివి."

కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు బయటపెట్టాలో తెలియక లేచి పనిముట్ల పెట్టె పట్టుకున్నాను. దాన్ని ఈడ్చుకెళ్ళి ఎడమ బెంచీ కింద ఖాళీలోకి తోశాను. కుట్టుమిషనును ఒడ్డుకు చేర్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. డబ్బాలు కూడా దింపాక అత్తగారు మళ్ళీ గ్లాసులో టీ పోసి బల్లమీద పెట్టింది. ఇద్దరం వంగి చూశాం. టీ సమంగా నిలిచింది.

కుడి బెంచీ మీద ఇప్పుడు దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆవిడ తుడిచి, దాని మీద దుప్పటి పరిచింది.

"పడుకో. కాళ్ళు పడతాయో లేదో చూద్దాం."

పడుకున్నాను. పాదాలు చెక్కగోడకు తగిలాయి.

"కాస్త ముడుచుకోవాలి" అంది.

"ముడుచుకుంటాను."

అంతలో పడవ నావైపు కొద్దిగా ఒరిగింది. కంగారుగా లేవబోయాను. "కదలకు" అని, మా అత్తగారు తన బెంచీ మీద నిదానంగా నడుం వాల్చింది. పడవ తిన్నగా సర్దుకుంది. ఇద్దరం చెరోవైపూ పడుకుని, పైకప్పు చూస్తూ ఉండిపోయాం.

"ఎల్లుండి గాలి బాగుంటుందట" అంది ఆవిడ కళ్ళు మూసుకుని. "ఆలస్యంగా వస్తే వదిలేసి పోతాను."

నేను లేకపోతే పడవ ఒరుగుతుంది కదా అందామనుకున్నాను. ఆ మాట మింగేసి, కాళ్ళు ఇంకాస్త ముడుచుకున్నాను.