మొక్కకు కట్టిన చీర పేలిక

సురేంద్ర పర్చూరులో మా ఇంటికి వచ్చేసరికి ఎండ తగ్గింది. నా భార్య వెంకటరావమ్మకి అక్క కొడుకు, ఒక విత్తనాల కంపెనీలో శాస్త్రవేత్త. ఆమె పోయాక కూడా మా గడప తొక్కుతున్నాడు కదా అని నాకు సంతోషంగా ఉండేది.

"కొత్త మిరప రకం రిజిస్ట్రేషన్‌కి పెట్టాం బాబాయ్. దానికి 'రావమ్మ' అని పిన్ని పేరే పెట్టించాను."

నల్లతామర పురుగు చేలన్నీ మాడ్చేసిన ఏడు, మా చేలో కొన్ని మొక్కలు పచ్చగా నిలబడ్డాయి. కోతకొచ్చిన ఆడవాళ్లు తెంపేయకుండా, వాటిని విత్తనానికి ఉంచాలని వెంకటరావమ్మ తన పాత నీలం చీరాల చీర చింపి పేలికలు కట్టింది. ఆ తర్వాత కూడా ఏటా మంచివి ఏరి విత్తనం దాచేది. అడిగినవాళ్లకి దోసిట్లో పోసేది. సురేంద్రకీ పోసింది.

"మొక్కకి మన దేశంలో పేటెంటు ఇవ్వరు బాబాయ్. రకాన్ని రిజిస్టర్ చేస్తారు. మీరు విత్తనం దాచుకోవచ్చు, ఇచ్చుకోవచ్చు. ఆ పేరేసి మాత్రం పదిహేనేళ్లు మేమే అమ్మాలి."

"మీ పిన్ని పేరు నేను వేయకూడదా?"

"చట్టం అట్టా ఉంది మరి" అని నవ్వి, ఒక కాగితం తీశాడు. "మూడు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. మీకేమీ లేదని ఓ సంతకం పెట్టండి. ఈ రకం మా పరిశోధన పొలంలోనే పుట్టిందని రాశాం."

కంపెనీ కరపత్రం కూడా చేతిలో పెట్టాడు. మీద నిండుగా కాసిన మిరప మొక్క ఫొటో. కింద 'మా పరిశోధన పొలంలో' అని ఉంది. కొమ్మకి నీలం పేలిక. దాని అంచున చీరాల చీర గళ్లు.

"ఆ గుడ్డేంటిరా?"

"ఏమో. మా కూలీలు గుర్తుకి కట్టుంటారు."

ఆ ముడి వేసేటప్పుడు కొమ్మ వంచి పట్టుకున్నది వీడే. "మెల్లగా పిన్నీ, విరుగుద్ది" అన్నాడు. తర్వాత ఫోన్‌తో ఫొటో తీశాడు. ఆ ఫొటోయే ఇది. విత్తనం పట్టుకుపోయినందుకు కాదు గానీ, ఆ ముడి గుర్తు లేనందుకు నాకు కష్టమేసింది.

"సంతకం ఇప్పుడు పెట్టలేనురా. ఈ బొమ్మ ఉంచుకోనా?"

"ఉంచుకోండి. పిన్ని ఫొటో పక్కన పెట్టుకోండి. సంతకానికి ఎల్లుండి వస్తాలే."

మజ్జిగ ఇచ్చాను. తాగి వెళ్లాడు.

బీరువాలో ఆ చీర మిగిలిన ముక్క ఉంది. పారేయబుద్ధి కాక దాచాను. బొమ్మ పక్కన పరిచాను. గళ్లు సరిపోయాయి. అంతమంది చదువుకున్నవాళ్ల చేతులు మారినా, ఆ పేలికని ఎవరూ చెరపలేదు. ఆ మేరకు నాకు మేలే జరిగింది.

పొద్దున్నే రెండూ సంచిలో పెట్టుకుని గుంటూరులో ఇషాక్ వకీలు గారి దగ్గరికి వెళ్లాను.

"అభ్యంతరం రాయాలండి."

ఆయన గుడ్డనీ బొమ్మనీ చాలాసేపు చూశారు. "చెప్పండి మాస్టారూ, ఈ విత్తనం మీ ఇంట్లోంచి ఎవరు తీసుకెళ్లారు?"

"మా అబ్బాయండి" అన్నాను ముందు. వెంకటరావమ్మ ఎప్పుడూ వాణ్ణి అలాగే చెప్పేది.

ఆయన రాసుకోబోతుంటే ఆపి, సురేంద్ర ఇంటిపేరుతో సహా చెప్పాను.